జెనెసిస్ వస్తోంది సరే, సర్వీసు ఎవరు చేస్తారు?

తన ఖరీదైన కార్ల బ్రాండ్ జెనెసిస్‌ని 2027కల్లా ఇండియాకి తెస్తామని హ్యుందాయ్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అప్పటినుంచి కార్ల మీద ఆసక్తి ఉన్నవాళ్ళ చర్చంతా ఒకటే. దాని ఎస్‌యూవీల్లో ముందు జీవీ80 వస్తుందా, జీవీ70 వస్తుందా, ఇక్కడే బిగిస్తారా, బెంజ్ కంటే ఎంత తక్కువకి ఇస్తారు? ఇవన్నీ తర్వాతి సంగతులని నా నమ్మకం. కారు బాగానే ఉంటుంది. మామూలు కార్ల కంపెనీ ఖరీదైన కారు తయారుచేసి దెబ్బతిన్న సందర్భాల్లో చాలావాటిలో కారు బాగానే ఉంది. దెబ్బ తగిలింది డీలర్ దగ్గర. అది కూడా ముందువైపు అద్దాల షోరూమ్‌లో కంటే వెనకవైపు వర్క్‌షాప్ గేటు దగ్గర ఎక్కువ తగిలింది. ఈ రెండో సంగతి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఫేటన్‌తో వచ్చిన చిక్కు

ఈ వాదన మొదలవగానే అందరూ ఫోక్స్‌వ్యాగన్ చేసిన ఖరీదైన సెడాన్ ఫేటన్ పేరెత్తుతారు. డ్రెస్డెన్‌లో గాజుగోడల ఫ్యాక్టరీ, 12 సిలిండర్ల ఇంజిన్, బయట 50 డిగ్రీల వేడిలో 300 కిలోమీటర్ల వేగంతో రోజంతా నడిపినా లోపల 22 డిగ్రీలు నిలవాలన్న కంపెనీ అధిపతి ఫెర్డినాండ్ పీయెక్ పట్టుదల. 2003 చివర్లో అమెరికాకి వెళ్ళింది, 2006లో వెనక్కి వచ్చేసింది. అదే ప్లాట్‌ఫామ్ మీద, అదే 12 సిలిండర్ల ఇంజిన్‌కి టర్బోలు జోడించి చేసిన బెంట్లీ కాంటినెంటల్ జీటీ అంతకు రెట్టింపు ధరకి అమ్ముడుపోయింది. ఏడాదికి వెయ్యి కార్ల దగ్గర ఉన్న బెంట్లీ 2004లో 6 వేలు దాటింది.

చూడటానికి ఇది నా వాదనకి గట్టి సాక్ష్యమే. కానీ పూర్తిగా వాడుకోలేను. ఫేటన్ ముక్కు మీద ఉన్నది అదే కంపెనీ మామూలు కారు జెట్టా మీద ఉన్న బ్యాడ్జీయే. కొనేవాడు ఆగిపోయింది బ్యాడ్జీ చూసా, షోరూమ్ చూసా? ఈ రెంటినీ విడదీయడానికి ఫేటన్‌లో దారి లేదు. బ్యాడ్జీ వల్లే ఓడిపోయిందని ఎవరైనా అంటే కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

బ్యాడ్జీ, కారు రెండూ అలాగే ఉండి, అమ్మే ఏర్పాటు ఒక్కటే చెదిరిపోయిన సందర్భం కావాలి. అలాంటిది ఒకటి దొరుకుతుంది. అది జెనెసిస్‌దే.

2018లో జెనెసిస్‌కి ఏమైంది

జెనెసిస్ వేరే బ్రాండ్ కాకముందే, అమెరికాలో హ్యుందాయ్ 2010 చివర్లో తన పేరుతోనే ఈక్వస్‌ని తెచ్చింది. 58 వేల డాలర్ల దగ్గర మొదలయ్యే కారు. ఓనర్స్ మాన్యువల్‌ని ఐప్యాడ్‌లో పెట్టి ఇచ్చారు. టెస్ట్ డ్రైవ్‌కి కారు ఇంటికే వచ్చేది. సర్వీసుకి డీలర్ మనిషి వచ్చి బండి తీసుకెళ్ళి, బదులు కారు ఇచ్చి వెళ్ళేవాడు. అప్పట్లో అందరూ ఐప్యాడ్ గురించి మాట్లాడుకున్నారు. నాకు మాత్రం ఆ ఇంటి దగ్గరి ఏర్పాటే ముఖ్యంగా కనిపిస్తుంది. కొనేవాడు వీలైనంతవరకు డీలర్ గడప తొక్కకుండా చూడటమే అందులోని ఆలోచన. మామూలు హ్యుందాయ్ ఎలాంట్రా కొనేవాళ్ళ మధ్య ఈక్వస్ ఓనర్‌ని కూర్చోబెట్టలేమని కంపెనీకి తెలుసు. అంతమంది డీలర్లని మార్చలేదు కాబట్టి కస్టమర్నే అక్కడికి రాకుండా చేసింది.

తెలివైన ఉపాయమే, కానీ దానికీ హద్దుంది. డెలివరీ రోజు, పాత కారు ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చే రోజు, గుద్దుకున్నాక ఇన్సూరెన్స్ అంచనా వేసే రోజు డీలర్‌తో నేరుగా పనిపడుతుంది. కస్టమర్ మనసులో నిలిచిపోయేవి ఆ మూడు రోజులే.

2015 నవంబరులో జెనెసిస్‌ని వేరే బ్రాండ్‌గా ప్రకటించారు. అయినా కార్లు హ్యుందాయ్ షోరూమ్‌ల్లోనే ఒక మూల ఉండేవి. 2018లో దీన్ని సరిచేద్దామని అతి తక్కువమంది డీలర్లకే అమ్మే హక్కు ఇస్తామన్నారు. అప్పటికే డబ్బు పెట్టి మూలని అలంకరించుకున్న డీలర్లు ఎదురుతిరిగారు. కంపెనీ వెనక్కి తగ్గి, కావాలన్న వాళ్ళందరికీ ఇస్తామంది. ఈలోగా కొత్త బ్రాండ్‌కి రాష్ట్రానికో లైసెన్స్ తెచ్చుకోవాల్సి వచ్చింది. లైసెన్స్ రాని చోట్ల కొత్త మోడల్ కార్లు డీలర్‌కి చేరలేదు. 2017లో 20 వేలు దాటిన అమ్మకాలు 2018లో దాదాపు సగానికి పడిపోయాయి. అదే 2018లో, కస్టమర్ల సర్వేలు చేసే జేడీ పవర్ సంస్థ వాళ్ళ కొత్త కార్ల నాణ్యత సర్వేలో అన్ని బ్రాండ్ల కంటే పైన నిలిచింది ఎవరంటే జెనెసిస్.

దీనికీ ఎదురుమాట ఉంది. అప్పట్లో జెనెసిస్‌కి సెడాన్లే ఉన్నాయి, అమెరికా అప్పటికే ఎస్‌యూవీల వైపు మళ్ళింది. నిజమే. జీవీ80, జీవీ70 వచ్చాక 2021లో అమ్మకాలు 50 వేల దగ్గరికి వెళ్ళాయి. కాబట్టి తప్పంతా డీలర్ల మీద వెయ్యను. కానీ ఎస్‌యూవీ లేకపోవడం 2017లోనూ ఉన్న లోటే. ఒక్క ఏడాదిలో సగం పోవడానికి అది చాలదు.

ఖరీదైన కారు ర్యాంప్ ఎక్కితే

మనవాళ్ళు డీలర్ అనుభవం అనగానే సోఫా, కాఫీ, ఇటాలియన్ మార్బుల్ గురించి మాట్లాడతారు. డబ్బు పెడితే ఆరు నెలల్లో వచ్చేవి అవి. డబ్బుతో తొందరగా రానివి వర్క్‌షాప్‌లో ఉంటాయి.

డెలివరీకి ముందు చేసే తనిఖీతోనే మొదలుపెడదాం. యార్డులో నెలల తరబడి నిలబడ్డ కారు 12 వోల్టుల బ్యాటరీ నెమ్మదిగా దిగిపోతుంది. షోరూమ్‌లో పెట్టిన కారైతే వచ్చినవాళ్ళందరూ తలుపులు తీస్తూ, స్క్రీన్ నొక్కుతూ ఉంటారు కాబట్టి ఇంకా త్వరగా దిగుతుంది. బ్యాటరీ 12.4 వోల్టుల కిందికి వస్తే చార్జర్ పెట్టి నింపాలి. మామూలు డీలర్ దగ్గర జంప్ ఇచ్చి స్టార్ట్ చేసి ఇచ్చేస్తారు. చిన్న కారులో అది చెల్లిపోతుంది. డజన్ల కొద్దీ కంట్రోల్ యూనిట్లు (చిన్న కంప్యూటర్లు) ఉన్న కారులో వారం తిరక్కుండానే స్క్రీన్ మీద సంబంధం లేని వార్నింగులు వస్తాయి. కొన్నవాడు కారే లోపమనుకుంటాడు.

టైర్లదీ అంతే. రవాణాలోనూ యార్డులోనూ ఒకేచోట నొక్కుకుపోకుండా గాలి ఎక్కువ పెట్టి పంపుతారు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద 35 పీఎస్‌ఐ అని ఉంటే టైరులో 45 ఉండొచ్చు. తగ్గించడం మరిచిపోతే కొత్త కారు మొదటి రోజే ప్రతి గుంతలోనూ కుదిపేస్తుంది. సస్పెన్షన్ మీద కోట్లు ఖర్చుపెట్టిన ఇంజినీర్ల కష్టాన్ని రెండు నిమిషాల బద్ధకం మింగేస్తుంది. హ్యుందాయ్, కియా కార్లలో రవాణా కోసం ఆపి ఉంచే ఫ్యూజ్ స్విచ్ ఒకటుంటుంది. దాన్ని ఆన్ చేయకుండా ఇస్తే రిమోట్ తాళం లాంటివి సరిగ్గా పనిచేయవు.

తర్వాత వాషింగ్. బోరు నీళ్ళు, ఒకటే బకెట్, తలుపుల కింది అంచు తుడిచిన స్పాంజితోనే బానెట్ తుడవడం. తెల్ల కారు మీద ఏమీ తెలియదు. నల్ల కారుని ఎండలో నిలబెడితే సాలెగూడులా గీతలు కనిపిస్తాయి. ఉప్పు నీటి మచ్చలు అద్దం మీద ఎండిపోతే మామూలు షాంపూతో పోవు. రెండు బకెట్లు, పైభాగానికీ కిందభాగానికీ వేరు వేరు మైక్రోఫైబర్ గుడ్డలు, ఉప్పు తీసిన నీళ్ళు. ఇందులో ఖరీదైనదేమీ లేదు. ఉన్న అడ్డల్లా వేగమే. రోజుకి 60 కార్లు కడిగే బేలో (వర్క్‌షాప్‌లో ఒక్కో కారు నిలిపే చోటుని బే అంటారు) ఒక కారుకి ముప్పావు గంట ఇచ్చేవాడెవడు?

విండ్‌షీల్డ్ మార్చడం ఇంకా మంచి ఉదాహరణ. అద్దం వెనక కెమెరా ఉన్న కారులో అద్దం మారిస్తే కెమెరాని కాలిబ్రేట్ చేయాలి, అంటే దాని చూపుని కొలిచి సరిచేయాలి. అందుకు వాలు లేని నేల, సమానమైన వెలుతురు, కారు మధ్యరేఖకి కొలిచి నిలబెట్టిన టార్గెట్ బోర్డు, ముందు ఖాళీ స్థలం కావాలి. టైర్ల గాలి సరిగ్గా ఉండాలి, డిక్కీలో బరువు ఉండకూడదు. మన వర్క్‌షాప్‌ల్లో చాలావాటి నేల నీళ్ళు పోవడానికి డ్రెయిన్ వైపు వాలుగా ఉంటుంది. పక్క బేలో వెల్డింగ్ మెరుపులు. అక్కడ చేసిన కాలిబ్రేషన్ పాస్ కాదు, లేదా పాసైనట్టు చూపించి హైవే మీద స్టీరింగ్‌ని ఒక పక్కకి లాగుతుంది. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారుని జాక్ మోడ్‌లో పెట్టకుండా లిఫ్ట్ ఎత్తడం, వీల్ బోల్టుల్ని టార్క్ రెంచ్ లేకుండా గన్‌తో బిగించేయడం కూడా ఈ కోవలోవే.

వీటన్నిటి వెనకా కారణం ఒకటే. మామూలు వర్క్‌షాప్‌లో సర్వీస్ అడ్వైజర్ చేతిలో రోజుకి 15, 20 జాబ్ కార్డులుంటాయి, పండగ ముందు ఇంకా ఎక్కువ. అతని నెల జీతంలో పైకం వచ్చేది ఎన్ని కార్లు తిప్పాడు, ఎంత కోటింగ్, ఎంత అలైన్‌మెంట్ అమ్మాడు అన్న లెక్క మీద. ఆ మనిషి చేతికే 80 లక్షల కారు ఇచ్చి ఓపికగా చూడమంటే ఎలా చూస్తాడు? మంచివాడైనా చూడలేడు. రోజుకి ఏడెనిమిది కార్లకి మించి ఇవ్వకుండా, తిరిగొచ్చిన ఫిర్యాదుల మీద జీతం లెక్కకట్టే మనిషి వేరే కావాలి. 1989 డిసెంబరులో టయోటా వాళ్ళ ఖరీదైన బ్రాండ్ లెక్సస్ తన మొదటి ఎల్ఎస్ 400 కార్లు 8 వేల దాకా వెనక్కి పిలిచి, ఇళ్ళకి వెళ్ళి తెచ్చుకుని, బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి మూడు వారాల్లోపే తిరిగి ఇచ్చింది. ఆ పని టయోటా కరోలా వర్క్‌షాప్‌ల వల్ల అయ్యేది కాదు. లెక్సస్ డీలర్ల దగ్గర ఆ పనికి సమయం ఉన్న మనుషులున్నారు.

వెల్‌ఫైర్ నన్ను ఆపుతుంది

ఇంతవరకు చెప్పినదాన్ని కాదనే కారు ఒకటి హైదరాబాద్ రోడ్ల మీదే తిరుగుతోంది. టయోటా వాళ్ళ పెద్ద వ్యాన్ వెల్‌ఫైర్. 2023లో కొత్తది దాదాపు కోటీ 20 లక్షల ఎక్స్ షోరూమ్ ధరతో వచ్చింది. చిన్న కారు గ్లాంజా అమ్మే షోరూమ్‌లోనే అమ్ముతారు. దాని తోబుట్టువు లెక్సస్ ఎల్ఎం 2024లో 2 కోట్ల దగ్గర వచ్చింది, ప్రత్యేకమైన షోరూమ్‌లో. అయినా వెల్‌ఫైర్ కోసం క్యూ కట్టి కొన్నారు. ల్యాండ్ క్రూజర్ సంగతీ అంతే. ఇంకా వెనక్కి వెళ్తే, ఎల్ఎస్ 400నే జపాన్‌లో సెల్సియర్ పేరుతో టయోటా డీలర్లే అమ్మారు. లెక్సస్ షోరూమ్‌లు జపాన్‌లో తెరిచింది 2005లో.

జపాన్ సంగతికి జవాబు తేలికే. అక్కడ టయోటాకి అప్పట్లో నాలుగైదు రకాల డీలర్ వ్యవస్థలుండేవి. క్రౌన్, సెంచరీ అమ్మే దుకాణం వేరు, కరోలా అమ్మే దుకాణం వేరు. బోర్డు మీద టయోటా అని ఉన్నా లోపలి మనుషులు వేరు. వెల్‌ఫైర్‌కి మాత్రం జవాబు అంత తేలిక కాదు.

నాకు తోచిన కారణం ఇది. మన దగ్గర వెల్‌ఫైర్ ఓనర్ సర్వీసుకి వెళ్ళడు. డ్రైవర్ వెళ్తాడు. నిర్మాత అయినా, కాంట్రాక్టర్ అయినా, ఎమ్మెల్యే అయినా వర్క్‌షాప్ ఎలా ఉందో చూడడు. సాయంత్రం డ్రైవర్ చెప్పేదే అతనికి తెలిసిన డీలర్ అనుభవం. అందులోనూ ఆ ఇంట్లో అంతకుముందే రెండు ఇన్నోవాలు, ఒక ఫార్చూనర్ ఉంటాయి. డ్రైవర్‌కి అడ్వైజర్ పదేళ్ళుగా తెలుసు. “ఏం అన్నా, పెద్ద బండి తెచ్చినవ్, సార్‌కి ఎప్పటికల్ల కావాలె?” అని పలకరించి సాయంత్రానికల్లా ఇచ్చేస్తాడు. నమ్మకం అప్పటికే కుదిరిపోయింది.

అందుకే వెల్‌ఫైర్ నా వాదనని పడగొట్టదనుకుంటున్నాను, కానీ దాని ఆకారం మారుస్తుంది. వెనక సీట్లో కూర్చునే కారుకి డ్రైవర్ అనుభవమే డీలర్ అనుభవం. కంపెనీలు లాంజ్ మీద పెట్టే ఖర్చులో పదో వంతు డ్రైవర్ల గది మీద పెట్టవు. చాలాచోట్ల గేటు పక్క సిమెంటు బెంచీ ఒకటుంటుంది, ఫ్యాన్ ఉండదు. బండి చేతికిచ్చేటప్పుడు ఏం మార్చారో డ్రైవర్‌కి తెలుగులో చెప్పరు, బిల్లు మాత్రం సార్‌కి వాట్సాప్‌లో పంపుతారు. డ్రైవర్ ఇంటికెళ్ళి “ఏమో సార్, ఏదో చేశామన్నారు” అంటాడు. ఆ ఒక్క మాటతో తర్వాతి కారు వేరే కంపెనీకి పోతుంది. జీవీ70 లాంటిది మాత్రం ఓనరే నడుపుకునే కారు. అతను స్వయంగా గేటు దగ్గర నిలబడతాడు. వెల్‌ఫైర్ చూసి జెనెసిస్‌కి ధైర్యం తెచ్చుకోవడం అందుకే తప్పు.

మన దగ్గర జరిగిన ప్రయత్నాలు

మారుతి 2011లో కిజాషీని ఆల్టో పక్కనే పెట్టి అమ్మింది. 16 లక్షలు దాటిన ధర, 2.4 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, డీజిల్ లేదు. కొన్నేళ్ళలోనే కనుమరుగైంది. 2015లో ఖరీదు ఎక్కువున్న కార్ల కోసం నెక్సా పేరుతో వేరే షోరూమ్‌లు తెరిచారు. మొదటి కారు ఎస్-క్రాస్ ధర ఎక్కువైంది, ఆరు నెలల్లోనే 1.6 డీజిల్ మీద 2 లక్షల దాకా తగ్గించాల్సి వచ్చింది. షోరూమ్ ఎంత బాగున్నా తప్పుడు ధరని కాపాడలేదు. నెక్సా నిలబడింది బలేనో వల్ల. నెక్సా పేరుతో వర్క్‌షాపులు షోరూమ్‌ల కంటే తర్వాత వచ్చాయన్నది కూడా గమనించాలి. మొదటి కస్టమర్లు నల్లటి గోడల మధ్య కారు కొని, పాత వర్క్‌షాప్‌ల క్యూలో నిలబడ్డారు.

ఇప్పుడు ఇద్దరు రెండు దారుల్లో వెళ్తున్నారు. కియా మన పెనుకొండ ఫ్యాక్టరీలో బిగించిన కార్నివాల్‌ని 2024 అక్టోబరులో 63.90 లక్షలకి విడుదల చేసి, సోనెట్ అమ్మే షోరూమ్‌లోనే పెట్టింది. అయితే కరెంటు కారు ఈవీ6ని 2022లో తెచ్చినప్పుడు కొన్ని ఎంపిక చేసిన డీలర్లకే ఇచ్చింది. ఎమ్‌జీ మాత్రం 2025లో 69.90 లక్షలకి విడుదల చేసిన ఎం9 కోసం సెలెక్ట్ పేరుతో వేరే షోరూమ్‌లు తెరిచింది. ఎం9 కరెంటు కారు, కార్నివాల్ డీజిల్ కాబట్టి నేరుగా పోల్చలేం. నా దృష్టిలో కియా ఈవీ6కి చేసినదే మధ్యేమార్గం. గోడలు వేరు చేయకపోయినా డీలర్లని వడకట్టారు.

సేల్స్ మనిషికి తెలియాల్సినవి

నెలకి 8, 10 కార్లు అమ్మితేనే ఇన్సెంటివ్ వచ్చే ఎగ్జిక్యూటివ్‌కి మూడు నెలలు ఆలోచించే కస్టమర్ భారం. క్రెటా పండగ ఆఫర్‌తో ఒక్కరోజులో బుక్ అవుతుంది. 80 లక్షల కారు కొనేవాడి ప్రశ్నలు వేరు. కంపెనీ పేరు మీద కొంటే కట్టిన జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుందా? సొంత వాడకానికి కొనే మామూలు కార్లకి రాదు, 15 శాతం డిప్రీసియేషన్ మాత్రం చూపించుకోవచ్చు. అమ్మేటప్పుడే వసూలుచేసే 1 శాతం పన్ను, టీసీఎస్, ఎందుకు కట్టాలి? రిటర్నులో సర్దుకోవచ్చు. టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) గడువులోపు ఖైరతాబాద్ ఆర్టీఏలో 9999 నంబరు వేలం ఎప్పుడు? వీటికి “మా మేనేజర్‌ని అడిగి చెప్తాను సార్” అని జవాబొస్తే, ఆ కస్టమర్ అడగబోయే నాలుగో ప్రశ్న బెంజ్ షోరూమ్‌లో అడుగుతాడు.

ఎక్స్‌చేంజ్‌లో ఇంకా పెద్ద గండి ఉంది. వచ్చేవాడు పాత బీఎండబ్ల్యూ తెస్తాడు. ఐ20లు, వెర్నాలు లెక్కకట్టే మనిషికి దాని విలువ తెలియదు. ఇద్దరు బ్రోకర్లకి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినదాంట్లో లక్షన్నర తగ్గించి చెప్తాడు. బేరం అక్కడే తెగుతుంది.

డెలివరీ రోజు గురించి ఒక మాట. దసరా రోజు ఒకే షోరూమ్ నుంచి 50, 60 కార్లు వెళ్తాయి. రాహుకాలం దాటగానే అందరికీ ఒకేసారి కావాలి. పంతులు ఒక్కరు, నిమ్మకాయలు పెట్టడానికి చోటు లేదు. ఆ గుంపులో జెనెసిస్ కొన్న కుటుంబం కూడా నిలబడితే వాళ్ళకి ఆ రోజు తిరిగి రాదు. ఖరీదైన కార్ల డెలివరీని వేరే ఆవరణలో, లేదా కొన్నవాళ్ళ ఇంటి దగ్గరే పెట్టడానికి పెద్ద ఖర్చు అవ్వదు. ఒక ఫ్లాట్‌బెడ్, ఇద్దరు మనుషులు, గంట సమయం చాలు.

హైదరాబాద్ దాటితే

జెనెసిస్ షోరూమ్ హైదరాబాద్‌లో ఒకటి వస్తుంది, వేరుగానే పెడతారనుకుంటున్నాను. నా ఆందోళన విజయవాడ, విశాఖ, తిరుపతి, వరంగల్ గురించి. ఈ ఊళ్ళలో కొనగలిగినవాళ్ళున్నారు. వేరే షోరూమ్ గిట్టుబాటు కావడానికి మాత్రం చాలరు. అక్కడ సర్వీసు మళ్ళీ హ్యుందాయ్ వర్క్‌షాప్‌కే వస్తుంది. విజయవాడ ఓనర్‌ని చిన్న పనికి 270 కిలోమీటర్లు పంపితే రెండోసారి కొనడు.

దీనికి మార్గం ఊరికో షోరూమ్ కాదు. ఊళ్ళో ఉన్న హ్యుందాయ్ వర్క్‌షాప్‌ల్లో ఒకదాన్ని ఎంచి, అందులో వాలు లేని నేలతో రెండు బేలు విడిగా కట్టించాలి. క్రెటా పని ముట్టుకోని ఇద్దరు టెక్నీషియన్లు, ఒక అడ్వైజర్ ఉండాలి. వాళ్ళ జీతాన్ని మొదటి రెండేళ్ళు డీలర్ మీద వెయ్యకుండా కంపెనీయే కట్టాలి, ఎందుకంటే నెలకి పాతిక కార్లు కూడా రాని బే మీద ఏ డీలరూ మనుషుల్ని ఖాళీగా కూర్చోబెట్టడు. ప్రతి మోడల్‌కీ విండ్‌షీల్డ్, ముందు బంపర్, రెండు హెడ్‌ల్యాంపులు, బ్రేక్ ప్యాడ్ల సెట్టు, రెండు టైర్లు హైదరాబాద్ గోడౌన్‌లో ఎప్పుడూ ఉండాలి, రాత్రి లారీకి వేస్తే తెల్లారేసరికి చేరేలా. ఓనర్‌కి ఇవ్వడానికి బదులు కారు ఒకటి కావాలి, అది ఐ10 అయితే పనికిరాదు. ఆ బేల్లో కుదరని పెద్ద పనికి మాత్రం బండిని కంపెనీ ఖర్చుతో ఫ్లాట్‌బెడ్ మీద హైదరాబాద్ తీసుకెళ్ళి తెచ్చి ఇవ్వాలి. ఈ ఖర్చు కారు ధరలో ముందే కలుపుకుంటే 2027లో విజయవాడలో బుకింగ్ తీసుకోవచ్చు. కలుపుకోకపోతే అక్కడ బుకింగ్ తీసుకోకపోవడమే మేలు.